ఆరో చీటీ

మా ఇంట్లో పదిహేడేళ్ళుగా ఒక కథ నడుస్తోంది. చుట్టాల్లో ఎవరైనా విదేశం వెళ్తున్నారని తెలిస్తే చాలు, మా ఆయన మొదలుపెడతారు. "మా అమ్మ జర్మనీలో ఏం చేసిందో తెలుసా?" అని. విమానం మారాల్సిన చోట అత్తమ్మ ఒక గేటుకు బదులు ఇంకో గేటు దగ్గర ఏడు గంటలు కూర్చుందట. చివర్లో ఎవరో గుజరాతీ ఆమె బోర్డింగ్ పాస్ చూసి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళకపోతే అమెరికా విమానం ఎగిరిపోయేదట. అందరం నవ్వుతాం. అత్తమ్మ కూడా నవ్వుతుంది. ఆ కథలో సగమే మాకు తెలుసని నాకు 2024 నవంబరులో, కొలంబో ఎయిర్‌పోర్టులో కూర్చున్నప్పుడు తెలిసింది.

మొదటినుంచీ చెప్తాను.

2007లో మా ఆడపడుచుకు న్యూజెర్సీలో నెలలు నిండుతున్నాయి. మామయ్య పోయి అప్పటికి నాలుగేళ్ళు. అత్తమ్మ ఒక్కతే వెళ్ళాలి. సూర్యాపేట దగ్గర పల్లెటూరు వాళ్ళది, అయిదో తరగతి దాకా చదివింది. పొద్దున్నే పేపరు వస్తే రాశిఫలాల నుంచి టెండర్ ప్రకటనల దాకా వదలదు. కానీ ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు. అప్పుడు హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ లేదు కాబట్టి వీసాకు చెన్నై వెళ్ళొచ్చాం. ఆ ఇంటర్వ్యూలో తెలుగు మాట్లాడే మనిషి ఉండడంతో అత్తమ్మకు ధైర్యం వచ్చింది. "అంతట గిట్లనే ఉంటరు గదా" అంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో టికెట్ తీసుకున్న చోట కుర్రాడు అడిగాడు. "మేడం, అమ్మగారికి వీల్‌చైర్ పెట్టమంటారా? డబ్బులేం ఉండవు. దిగిన దగ్గర్నుంచి ఎక్కే దాకా వాళ్ళే తీసుకెళ్తారు" అని. అత్తమ్మ నా వైపు చూసింది. పెట్టమను అన్నట్టే చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది కూడా.

నేనే వద్దన్నాను. "మీకేమైందత్తమ్మా, రోజూ సరూర్‌నగర్ చెరువు దాకా నడిచొస్తారు. కుర్చీలో కూర్చుంటే ఎవరన్నా చూసి నవ్వుతారు" అన్నాను. నిజానికి నా భయం వేరు. కాళ్ళు లేని ముసలమ్మను కోడలు ఒంటరిగా విమానం ఎక్కించిందని చుట్టాలు అనుకుంటారని. అత్తమ్మకు అప్పుడు అరవై రెండు. ఏమీ అనలేదు.

కుర్చీకి బదులు చీటీలు రాసిచ్చాను. పాప డ్రాయింగ్ పుస్తకంలోంచి మందం కాగితాలు చింపి ఆరు చీటీలు చేశాను. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. మొదటిది, నాకు తెలుగు తప్ప ఏ భాషా రాదు అని. రెండోది, నా విమానం ఇది, దయచేసి గేటు చూపించండి అని. మూడోది మాంసం వద్దని. నాలుగోది ఆడపడుచు ఫోన్ నంబరు. అయిదోది సామాన్ల జాబితా, అక్కడి ఆఫీసర్లు అడిగితే చూపించడానికి. ఆరోది మాత్రం తెలుగులోనే, అత్తమ్మ కోసమే. చేతిసంచిలో పాస్‌పోర్టు, డాలర్లు, పుట్టబోయే బిడ్డకు చేయించిన బంగారు మొలతాడు ఉన్నాయి. అందుకని ఎర్ర స్కెచ్ పెన్‌తో రెండు గీతలు కొట్టి మరీ రాశాను. "బ్యాగు వదిలి ఎక్కడికీ వెళ్ళొద్దు. ఎవరి చేతికీ ఇవ్వొద్దు."

అప్పటి బేగంపేట ఎయిర్‌పోర్టు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నిజాం కాలంలో మొదలైన ఎయిర్‌పోర్టు. ఊరు పెరిగి పెరిగి దాని చుట్టూ అల్లుకుపోయింది. అమెరికా విమానాలు పట్టుకునేవాళ్ళంతా అర్ధరాత్రి దాటాకే కదా బయల్దేరేది. ఒక మనిషిని ఎక్కించడానికి పదకొండు మందిమి, సుమో ఒకటి, మరిది వాళ్ళ మారుతి ఒకటి. మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి, ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్ళాం. ఎయిర్‌పోర్టు బయట పెళ్ళివారి విడిదిలా ఉంది. దండలు, పులిహోర డబ్బాలు, నిద్రపోయిన పిల్లలు భుజాల మీద. ప్రతి గుంపులో ఒక ముసలమ్మో, ముసలాయనో కొత్త స్వెట్టరు వేసుకుని, అంత చలేం లేకపోయినా. లోపల హాలు ఎంత చిన్నదంటే, అత్తమ్మ వరసలో నిలబడడం, సంచి గుండెకు హత్తుకుని ముందుకు జరగడం గాజు తలుపు బయట నుంచి కనిపిస్తూనే ఉంది. ఒకసారి వెనక్కి తిరిగింది. మేమందరం చేతులూపాం. ఆమె ఊపలేదు, రెండు చేతులూ సంచి మీదే ఉన్నాయి. ఆ దృశ్యానికి కూడా తర్వాత నవ్వుకున్నాం.

ఆర్నెల్లు నిండుతుండగా, 2008 ఏప్రిల్‌లో తిరిగొచ్చింది. ఈలోగా మార్చి 23న శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైంది, బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. బేగంపేటలో ఎక్కిన మనిషి శంషాబాద్‌లో దిగింది. దూరం దూరం అని సికింద్రాబాద్ వాళ్ళు, కూకట్‌పల్లి వాళ్ళు గోల పెట్టారు గానీ, మన ఎల్బీనగర్ వైపు వాళ్ళకు అది పెద్ద కష్టమేం కాలేదు. చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ మీదుగా పాతిక కిలోమీటర్లు. అత్తమ్మ బయటికి రాగానే చుట్టూ చూసి, "గిది మన హైద్రాబాదేనా, మళ్ళ ఏరే గేట్ల దిగిన్నా?" అంది. అప్పుడే జర్మనీ కథ బయటపడింది. కారులో నవ్వలేక చచ్చాం.

మళ్ళీ ఆమెను విమానం ఎక్కమంటే ఎక్కలేదు. ఆడపడుచు రెండోసారి పిలిచినప్పుడు "మోకాళ్ళు నొస్తున్నయ్ బిడ్డా" అంది. నమ్మాం.

ఇక నా వంతు. మా పాప ఉండేది మెల్‌బోర్న్‌లో. 2024 డిసెంబరులో నెలలు నిండుతాయి. అల్లుడి వాళ్ళ అమ్మకు ఆపరేషన్ అయింది కాబట్టి నేనే వెళ్ళాలి. మా ఆయన రిటైర్‌మెంటుకు నాలుగు నెలలుంది, పైగా అత్తమ్మను ఒక్కదాన్నే వదల్లేం. టికెట్ పాప తీసింది, కొలంబోలో మారాలి. ఫోన్ చేసి అడిగింది. "అమ్మా, వీల్‌చైర్ పెట్టనా?"

పదిహేడేళ్ళ తర్వాత అదే ప్రశ్న నా ముందుకొచ్చింది.

ఈ వీల్‌చైర్ సంగతి మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. అది కాళ్ళ కోసం కాదు, చాలామందికి భాష కోసం. కుర్చీ తోసే అబ్బాయే దారి, అతనే గేటు, అతనే ఇమ్మిగ్రేషన్ దగ్గర నోరు. విమానాల వాళ్ళ లెక్కలో కుర్చీలు కూడా మూడు రకాలట. మెట్లెక్కగలిగి దూరం నడవలేని వాళ్ళకు ఒకటి, మెట్లెక్కలేని వాళ్ళకు ఒకటి, అసలు అడుగు వేయలేని వాళ్ళకు ఒకటి. మనవాళ్ళు ఎక్కువగా అడిగేది మొదటిదే. కుర్చీ అక్కర్లేకుండా మనిషిని మాత్రం తోడివ్వమని అడిగే పద్ధతి కూడా ఉందని నాకు చాలా తర్వాత తెలిసింది. ఇంకో విషయం కూడా నా మనసులో ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ముంబై ఎయిర్‌పోర్టులో ఒక పెద్దాయన, ఎనభై ఏళ్ళాయన, దంపతులిద్దరికీ కుర్చీలు చెప్పుకున్నా ఒక్కటే వస్తే దాంట్లో భార్యను కూర్చోబెట్టి తను నడిచి, కుప్పకూలి పోయాడు. అది చదివినప్పటి నుంచి, నడవగలిగిన నేను ఒక కుర్చీ తీసుకుంటే ఎవరి కుర్చీ తీసుకున్నట్టు అని ఒక పక్క.

ఇంకో పక్క ఉన్నది మాత్రం వట్టి పొగరే. ఇంటర్ చదివినదాన్ని, విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీ దాకా ఒక్కదాన్నే వెళ్ళొచ్చేదాన్ని. "నాకెందుకే కుర్చీ" అన్నాను.

బయల్దేరే ముందురోజు కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళ్ళొచ్చాం. శొంఠి, వాము, మిరియాలు వేరువేరు ప్యాకెట్లలో పెట్టి పేర్లు రాశాను. ఆస్ట్రేలియాలో తినే వస్తువు ఏది తెచ్చినా కార్డులో రాసి చూపించాలి, దాస్తే జరిమానా. అత్తమ్మ మంచం మీద కూర్చుని చూస్తూ ఒక్క మాటే అడిగింది. "ఆడ ఎంతసేపు కూసోవాలె?"

"పగలంతా అనుకోండి. మధ్యాహ్నం దిగితే అర్ధరాత్రికి రెండో విమానం."

అత్తమ్మ మొహం అదోలా అయింది. నేను పట్టించుకోలేదు. పప్పు మాడుతోంది.

కొలంబో ఎయిర్‌పోర్టు అంటారు గానీ అది కొలంబోలో లేదు. ముప్పై కిలోమీటర్ల పైన దూరంలో, కటునాయక అనే ఊళ్ళో ఉంది. మన శంషాబాద్ లాగే. కానీ లోపలికి వెళ్ళాక శంషాబాద్ కాదు, బేగంపేట గుర్తొచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, టీ పొట్లాల దుకాణాలన్నీ చూసి వచ్చినా అరగంట కాలేదు. ఏ మూలకు వెళ్ళినా టీ పొట్లాలే. గడియారం మార్చుకునే పని కూడా లేదు, వాళ్ళ టైమూ మన టైమూ ఒకటే. పెద్ద సూట్‌కేసులు హైదరాబాద్‌లోనే మెల్‌బోర్న్ దాకా ఎక్కించేశారు. చేతిలో ఒక్క బ్యాగే. తప్పిపోయే ప్రసక్తే లేదు. నాలో నేనే నవ్వుకున్నాను, దీనికా కుర్చీ అని.

తెరల మీద చూస్తే నా విమానానికి గేటు నంబరు ఇంకా వేయలేదు. సరే కూర్చుందామని తలెత్తితే ఎదురుగా బోర్డు. సింహళం, తమిళం, ఇంగ్లీషు. ఆ సింహళ అక్షరాలు చూసి ఒక్క క్షణం తడబడ్డాను. మన అక్షరాలకు పిన్ని కూతుళ్ళలా ఉంటాయి. అవే గుండ్రాలు, అవే వంపులు. తెలుగే అనుకుని కళ్ళు చదవబోతాయి, నోటికి మాత్రం ఏమీ అందదు. చదువు మర్చిపోయినట్టు అనిపించింది. ఇంగ్లీషు కింద ఉంది కాబట్టి నాకు గడిచింది. అది కూడా రాని మనిషికి జర్మనీలో ప్రతి బోర్డూ ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు తోచింది, వెంటనే మర్చిపోయాను కూడా.

సాయంత్రం అయ్యేసరికి కుర్చీలు నిండాయి. నా పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. నా మెడలో పుస్తెలతాడు, నుదుటి బొట్టు చూసి, "అక్కా, తిన్నావా?" అంది.

ఉలిక్కిపడ్డాను. సింహళ మనిషి. కువైట్‌లో ఇంటిపనికి వెళ్తోంది, సెలవు అయిపోయి తిరుగు ప్రయాణం. అక్కడ అదే ఇంట్లో ఆరేళ్ళు మన రాయచోటి ఆమెతో కలిసి వంటింట్లో పనిచేసిందట. దాంతో ఇరవై ముప్పై తెలుగు మాటలు వచ్చాయి. అందులో సగం తిండి మాటలు, సగం తిట్లు. మిగతాది నా హైదరాబాదీ హిందీ, ఆమె గల్ఫ్ హిందీతో నడిచింది. ఆ ఎయిర్‌పోర్టులో దిగి బయటికి వెళ్ళేచోట దుకాణాల్లో సెంట్లు, చాక్లెట్లే కాదు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు కూడా అమ్ముతారట. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు దిగీ దిగగానే కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్తారట. ఈసారి తనూ ఫ్రిజ్ కొంది. "ఇంట్లో నేను ఉన్నది నలభై రోజులు, ఫ్రిజ్ ఉంటుంది పదేళ్ళు" అంది హిందీలో. చిన్నకొడుకు వాళ్ళ అమ్మమ్మను అమ్మా అంటున్నాడట. అది చెప్తున్నప్పుడు కూడా నవ్వుతూనే ఉంది. నేను నా సకినాల డబ్బా తీశాను. రెండు తిని, "రాయచోటిలో ఇవి లేవు" అంది. అవును, అవి మా వైపువి.

అప్పుడు ఇంటికి వీడియో కాల్ చేశాను. మా ఆయన ఫోన్ అత్తమ్మకిచ్చారు.

"తిన్నవా?" అంది అత్తమ్మ కూడా. పక్కనామె కిసుక్కున నవ్వింది.

"తిన్నానత్తమ్మా. బాగుంది ఇక్కడ, చిన్నదే."

"పోయొచ్చినవా?"

అర్థం కాలేదు. "ఎక్కడికి?"

"బాత్రూముకు."

"లేదు, బ్యాగు ఉంది కదా. విమానం ఎక్కాక చూసుకుందాంలే."

అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించింది, మా ఆయన వినకూడదన్నట్టు.

"గట్ల చెయ్యకు బిడ్డా. నేను గట్లనే చేసిన. ఏడు గంటలు కూసున్న. నువ్వు రాసిచ్చినవ్ గదా, బ్యాగు ఇడిచి యాడికి పోవద్దని. ఎవ్వల చేతికియ్యద్దని. బ్యాగు పట్కొని లోపటికి పోదామంటే యాడున్నదో తెల్వది, మళ్ళొచ్చేటాళ్ళకు కుర్సీ పోతదని, గేటు తప్పిపోతనని భయమాయె. నీళ్ళు గూడ తాగలే, తాగితే మళ్ళ పోవాల్నని. ఆ గుజరాతామె గుంజుకపోతుంటే నడువస్తలేదు నాకు. విమానమెక్కేలోపల చీర ఖరాబైంది. గదే చీరతోని అమెరికల దిగిన. బిడ్డకు గూడ చెప్పలే. నీకెప్పుడు చెప్పలే."

నాకు నోట మాట రాలేదు. తెరలో అత్తమ్మ మొహం సగమే కనిపిస్తోంది, ఫోన్ ఎప్పుడూ అలాగే పట్టుకుంటుంది. ఒక చెవి, చెంప, వెనక మా హాల్లో క్యాలెండర్.

"మరి అందరం నవ్వుతుంటే మీరు కూడా నవ్వేవారు కదా" అన్నాను చివరికి.

"నవ్వకపోతే అడుగుతరు గదా, గట్లెందుకు కూసున్నవని. నీ పేరు చెప్పాలె."

చుట్టూ మనుషులు తిరుగుతున్నారు, ఏదో ప్రకటన వస్తోంది, మూడు భాషల్లో. ఆ టికెట్ల దుకాణంలో నా వైపు చూసిన చూపు కళ్ళముందుకొచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి, రోజూ రెండుసార్లు స్నానం చేసే మనిషి. ఆ కథ చెప్పినప్పుడల్లా పళ్ళేలు అందించింది నేనే. మా ఆయన ఏదైనా మర్చిపోతే గుర్తు చేసింది కూడా నేనే.

"అత్తమ్మా" అన్నాను. ఇంకేమనాలో తెలియలేదు.

"ఏడ్వకు. పక్కపొంటి ఎవరన్న ఉన్నరా?"

"ఒకామె ఉంది."

"ఆమెకప్పజెప్పి పోయిరా. పో. నేను లైన్ల ఉంట."

కువైట్ ఆమెకు తెలుగు ఎంత అర్థమైందో తెలియదు. ఎయిర్‌పోర్టుల్లో ఎవరి బ్యాగూ పట్టుకోవద్దని, ఎవరికీ ఇవ్వొద్దని ప్రకటనలు చెప్తూనే ఉంటాయి. అది సరైనదే, మీరెవరూ నన్ను చూసి నేర్చుకోవద్దు. పాస్‌పోర్టు, డబ్బులు, ఫోన్ ఉన్న చిన్న పర్సు భుజాన తగిలించుకుని, పెద్ద బ్యాగు ఆమె కాళ్ళ దగ్గరకు జరిపాను. ఆమె ఒక కాలు బ్యాగు పట్టీలో దూర్చి, "పో అక్కా" అంది. అత్తమ్మ నిజంగానే లైన్‌లో ఉంది. బాత్రూము బయట నిలబడి, "వచ్చానత్తమ్మా" అంటే, "చేతులు కడుక్కున్నవా?" అంది.

తిరిగొచ్చేసరికి బ్యాగు అక్కడే ఉంది. ఆ తర్వాత నేను ఆమె సంచి దగ్గర కూర్చున్నాను, ఆమె వెళ్ళొచ్చింది. కువైట్ విమానం ముందు పిలిచారు. మిగిలిన సకినాలు పొట్లం కట్టిచ్చాను, రాయచోటి ఆమెకు కూడా రుచి చూపించమని.

రాత్రి తొమ్మిది దాటాక తెర మీద నా గేటు నంబరు పడింది. గంటలో అది మారింది కూడా. చిన్న ఎయిర్‌పోర్టు కాబట్టి నాలుగడుగులతో పోయింది. మారిందన్న సంగతి ఇంగ్లీషులో చదువుకున్నాను కాబట్టి తెలిసింది.

మెల్‌బోర్న్‌లో మనవరాలు పుట్టింది. అది వేరే టపా. ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణానికి పాప మళ్ళీ అడిగితే, కుర్చీ వద్దు, దారి చూపించే మనిషిని మాత్రం అడిగి చూడమన్నాను. అడిగింది, దొరికారు. కొలంబోలో ఒక కుర్రాడు నా పేరు రాసిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు. నాకు అతని అవసరం ఏమీ పడలేదు. అయినా అతని వెనకే నడిచాను.

ఆ కథ ఇప్పుడు మా ఇంట్లో చెప్పడం లేదు. ఎందుకని మా ఆయన అడిగారు. అత్తమ్మ వద్దంది కాబట్టి ఆయనకు కూడా చెప్పలేదు. ఇక్కడ రాయొచ్చా అని అడిగితే మాత్రం, "రాయి, పోయేటోళ్ళకు పనికొస్తది" అంది. ఆయన నా బ్లాగు ఎప్పుడూ చదవరు, ఆమెకు ఆ సంగతి తెలుసు.

ఆ ఫిబ్రవరి రోజు శంషాబాద్‌లో బయటికి వచ్చేసరికి, రావద్దని ఎంత చెప్పినా వినకుండా, డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి రాగానే నా చేతిలో బ్యాగు లాక్కుంది. బాగున్నావా అనలేదు, మనవరాలెట్లుంది అనలేదు.

"పోయొస్తవా? నేను పట్కుంట" అంది.